చిరిగిన స్పీకర్‌తో నాకు కలిగిన జ్ఞానం

ఇంట్లో స్పీకర్ చిరిగిపోయిందని బాధపడేవాళ్లను చూస్తే నాకు జాలేస్తుంది. చిరిగిన స్పీకర్ అదృష్టవంతులకే దొరుకుతుంది. కొత్తది ఎంచుకునే అవకాశం ఊరికే వస్తుందా?

నాకో చిన్న గిటార్ ఆంప్లిఫయర్ ఉంది. లోపల గాజు ట్యూబులు వెలిగే పాతకాలం రకం. ఎండలు మొదలైన రోజుల్లో అందులో స్పీకర్ కాగితం అడ్డంగా చిరిగి, ఏ తీగ మీటినా జలుబు చేసిన మనిషిలా గురగురమంది.

ఆ వారమే అక్క ఫోన్ చేసింది. చెవుల డాక్టర్ దగ్గర్నుంచి వస్తోందట.

"వినికిడి తగ్గిపోతోందన్నాడ్రా. కాలేజీ రోజుల్లో నువ్వు కట్టిన పాట ఉందే, ఓసారొచ్చి వాయించు. ఇప్పుడైతే బాగానే వినపడుతోంది."

"ఆంప్లిఫయర్ బాగవగానే వస్తానక్కా," అన్నాను.

మా వీధి చివర రేడియో మెకానిక్ పెట్టెను వెనక్కి తిప్పి చూశాడు. "ఎనిమిది అంగుళాలు, ఎనిమిది ఓమ్స్. ఈ రెండూ కలిస్తే చాలు సార్. రేపటికి బిగించేస్తా."

ఎంత అమాయకత్వం! ముప్పై ఏళ్లుగా స్పీకర్లు మారుస్తున్నాడే గానీ, వాటి గురించి ఒక్క వ్యాసమైనా చదివినట్టు లేదు. పెట్టె చంకన పెట్టుకుని ఇంటికొచ్చేశాను.

స్పీకర్ల గురించి చర్చించుకునే ఆన్‌లైన్ గ్రూపులో చేరాను. పదకొండు వేల మంది పండితులు. ఒకాయన ఫలానా స్పీకర్ ధ్వని వెచ్చగా ఉంటుందన్నాడు. ఇంకొకాయన గాజులా ఉంటుందన్నాడు. మూడో ఆయన తడిసిన దుప్పటిలా ఉంటుందని తిట్టాడు. ముగ్గురూ మాట్లాడుతున్నది ఒకే స్పీకర్ గురించని గ్రహించడానికి నాకు తొమ్మిది రోజులు పట్టింది. ఇంత లోతైన విద్య ఏ యూనివర్సిటీలో చెబుతారు?

స్పీకర్ వెనకుండే అయస్కాంతం ఏ లోహంతో చెయ్యాలన్న దగ్గర పెద్దలు రెండు వర్గాలుగా చీలి మాటలు మానేశారు. పెట్టెకు కొట్టిన మేకుల వల్ల కూడా ధ్వని మారుతుందని తేల్చిన మహానుభావుణ్ణి మేమంతా గురువుగారంటాం. ఓరోజు ఆయన్ని అడిగాను, తమరు ఎక్కువగా ఏం వాయిస్తారని.

"వాయించడమా? ఇంకా స్పీకర్ ఎంచుకోలేదండీ," అన్నారు. గ్రూపులో చేరి ఏడేళ్లయిందట. ఆయన మీద నాకు గౌరవం రెట్టింపైంది.

"వదిన మళ్లీ ఫోన్ చేసింది. ఆంప్లిఫయర్ లేకపోయినా పర్లేదు, ఉత్తి గిటార్ పట్టుకుని రమ్మంది," అంది మా ఆవిడ.

"ఉత్తి గిటారా? మరి టోన్ ఏమైపోవాలి?"

ఆవిడ నన్ను ఎగాదిగా చూసి, టీ కప్పు తీసుకుని లేచిపోయింది. సంగీతం తెలియనివాళ్లతో ఇదే చిక్కు.

ఏడు నెలల్లో ముప్పై నాలుగు స్పీకర్ల రికార్డింగులు విన్నాను. అన్నిటినీ నా ఫోన్‌కున్న గోరంత స్పీకర్‌లోనే విన్నాను. ఎట్టకేలకు ఒకటి తెప్పించాను. మెకానిక్ పావుగంటలో బిగించి, "అప్పుడు నేను పెడదామనుకున్నదీ ఇదే సార్," అన్నాడు. వినపడనట్టు ఊరుకున్నాను.

అక్క వాళ్ల హాల్లో పెట్టె దించి, పాట మొదట్నుంచి చివరి దాకా వాయించాను. రెండు చెవులకీ మిషన్లు పెట్టుకుని, అక్క కళ్లార్పకుండా నా చేతులనే చూసింది.

"ఎలా ఉందక్కా?"

"ఈ మిషన్లలో అన్నీ ఒక్కలాగే వినిపిస్తున్నాయిరా. ఫ్యాన్ చప్పుడు, మీ బావ గొంతు, నీ పాట." నా చెయ్యి పట్టుకుంది. "నీ వేళ్లు మాత్రం అప్పట్లాగే కదులుతున్నాయి."

ఇంటికొచ్చాక, కొత్త స్పీకర్ మీద అభిప్రాయం రాయమని గ్రూపులో అడిగారు. రాశాను. "స్పీకర్ బాగుంది. ఏడు నెలల కిందట కొనుంటే మా అక్క వినేది. ఇప్పుడు ఆమెకు చెవి మిషన్లు వచ్చాయి."

సాయంత్రానికల్లా డెబ్బై సమాధానాలు. ఒక్కరూ అక్క ఎలా ఉందని అడగలేదు. అందరికీ కావలసింది ఆ చెవి మిషన్లు ఏ రకమన్నదే.

గురువుగారైతే నొచ్చుకున్నారు. "ఆ చెవి మిషన్లు తొందరపడి కొనేశారండీ. ముందు గ్రూపులో ఓ మాట అడగాల్సింది."