రెండు లక్షల మొహమాటం

ఆ రోజు పని చిన్నదే. పది గంటలకు దాత వస్తాడు. కాఫీ, నిమ్మకాయ బిస్కెట్లు. పదకొండింటికి చెక్కు. పన్నెండింటికి భోజనం. డీన్ ఆర్విడ్ నైగార్డ్ చీటీ మీద అలాగే రాసుకున్నాడు.

దాత డ్వేన్ హోలిస్ టెక్సాస్ మనిషి. కిటికీల వ్యాపారి. మిన్నెసోటాలో ఈ యూనివర్సిటీ పక్కనున్న సరస్సు ఒడ్డున కొత్తగా ఇల్లు కొన్నాడు. గడ్డకట్టిన సరస్సు అడుగున ఈదుతూ నీటిని పరీక్షించే యంత్రం ఒకటి పిల్లలు తయారుచేస్తున్నారని విని ముచ్చటపడ్డాడు. డబ్బు రాకపోతే ఆ యంత్రం తయారీ నేర్పే కోర్సు ఈ ఏడాదితో మూత. దానికోసమే చేరిన బ్రిట్టా హౌగెన్ తిరిగి నాన్నగారి టర్కీ కోళ్ల ఫారానికి పోవాలి. అందుకే ఆ పిల్ల యంత్రాన్ని మూడుసార్లు తుడిచి ఒళ్లో పెట్టుకుని కూర్చుంది.

"కాఫీ తీసుకుంటారా?" అన్నాడు డీన్.

"ఇవ్వండి" అన్నాడు డ్వేన్.

డీన్ ఉలిక్కిపడ్డాడు. ఆ ఊళ్లో ఎవరూ మొదటిసారే ఒప్పుకోరు. రెండుసార్లు వద్దనాలి. మూడోసారి "మీరింతగా అంటున్నారు కాబట్టి" అనాలి.

యంత్రం చూసి డ్వేన్ తొడ చరిచాడు. "భలే చేశారే! రెండు లక్షల డాలర్లు రాసిస్తా."

"అయ్యో, వద్దండీ" అన్నాడు డీన్, అలవాటు కొద్దీ.

"ఎక్కువైందా? పోనీ, లక్ష?"

"ఎందుకండీ మీకు శ్రమ."

"యాభై వేలు?"

అంకె మారినప్పుడల్లా డీన్ ‘వద్దు’ల లెక్క మళ్లీ మొదటికొస్తోంది. "అబ్బే, మాకు బాగానే గడిచిపోతోందండీ."

"మరి నన్నెందుకు పిలిచారయ్యా?" డ్వేన్ టోపీ పెట్టుకుని బయటికి నడిచాడు.

"సార్! ఎంత పని చేశారు సార్!" అంది బ్రిట్టా.

"ఇంకోసారి అడుగుతాడనుకున్నానే!"

"ఆయనది టెక్సాస్ సార్! వద్దంటే వద్దనే అనుకుంటారు!"

"నువ్వెళ్లి చెప్పు. నేను చెబితే అడుక్కున్నట్టుంటుంది."

బ్రిట్టా యంత్రాన్ని చంకన పెట్టుకుని మంచులో పరుగెత్తింది. కారు అద్దం మీద దబదబా కొట్టింది. "సార్, మా డీన్ గారు వద్దన్నారంటే కావాలనే అర్థం. ఒకే అంకె మూడుసార్లు చెప్పాలి. మధ్యలో తగ్గిస్తే మళ్లీ మొదలెడతారు."

డ్వేన్ నోరు తెరిచాడు. "మీ ఊళ్లో పెళ్లిళ్లు ఎలా అవుతున్నాయమ్మాయ్?"

"ఆలస్యంగా సార్."

డ్వేన్ నవ్వీ నవ్వీ కళ్లు తుడుచుకున్నాడు. వెనక్కొచ్చి, గుమ్మంలోనే నిలబడి ఒక్క ఊపిరిలో అరిచాడు. "రెండు లక్షలు, రెండు లక్షలు, రెండు లక్షలు!"

డీన్ రెండుసార్లు తల అడ్డంగా ఊపాడు. "మీరింతగా అంటున్నారు కాబట్టి..."

చెక్కు బల్లమీద పడింది. కోర్సు బతికింది. బ్రిట్టా యంత్రాన్ని ముద్దుపెట్టుకుంది. డీన్ ఎవరూ పెట్టకుండానే వరసగా నాలుగు బిస్కెట్లు తినేశాడు.

ఇద్దరూ సాగనంపడానికి వచ్చారు. కారెక్కి డ్వేన్ అద్దం దించాడు. "అమ్మాయ్, నీ వల్లే పని జరిగింది. నీ చదువయ్యేదాకా ఫీజంతా నాది. ఏమంటావ్?"

బ్రిట్టా నోరు దానంతటదే తెరుచుకుంది. "అయ్యో, వద్దండీ."

"నీలో నాకు నచ్చింది ఇదే. మీ డీన్‌లా కాదు, ఉన్నమాట చెబుతావ్" అని డ్వేన్ అద్దం ఎత్తేశాడు. కారు కదిలింది.

ఈసారి మంచులో పరుగెత్తింది డీన్ గారు.