రెండో గీత

ఆ ఉదయం ఆ ఇంట్లో వేసుకున్న పథకం చిన్నదే. అత్తగారు నిద్ర లేచేలోపు మొగుడు పరీక్ష చేసుకోవాలి, అంతే. స్కాన్లు, రక్తపరీక్షలు, మందు ఎక్కించి తీసే ఆ ప్రాణాలు తోడేసే ఎక్స్‌రే, పిల్లల కోసం అన్నీ ఇన్నేళ్లూ కోడలే చేయించుకుంది. ఏ లోపమూ దొరకలేదు. ఆయన మాత్రం ల్యాబుకు రానంటే రానన్నాడు. డబ్బా పట్టుకుని వరుసలో కూర్చోవడం తలవంపులట. చివరికి డాక్టరమ్మే విసిగిపోయి, బంగారు నానో కణాలు పూసిన కొత్తరకం స్ట్రిప్ ఇచ్చింది. ఇంట్లోనే వీర్యం చుక్క వేసి చూసుకోవచ్చు. ఒక గీత వస్తే ఫరవాలేదు. రెండొస్తే లోపం ఆయనదే.

చుక్క వేశాడు గానీ చూసే ధైర్యం చాలక, స్ట్రిప్ బాత్రూం గూట్లో పెట్టి పాల ప్యాకెట్ కోసం పోయాడు మహానుభావుడు. ఈలోగా అత్తగారు లేచి, గూట్లో రెండు గీతల స్ట్రిప్ చూసింది. ఆవిడ కాన్పుల ఆస్పత్రిలో ఆయాగా చేసి రిటైరైన మనిషి. రెండు గీతలంటే ఏమిటో ఆవిడకు ఒకరు చెప్పాలా?

"మా కోడలు నెల తప్పింది" అని ముందు పైవాటా ఆవిడకు, తర్వాత ఎదురింటివాళ్లకు, ఆపైన ఫోన్లో పక్కవీధి కూతురికి చెప్పేసింది. కూతురు తన పిల్లల ఉయ్యాల అటక మీంచి దింపించే పనిలో పడింది.

కోడలు మేడమీద బట్టలారేసి దిగేసరికి హాలు నిండా జనం.

"ఇకమీదట బరువులెత్తకమ్మా" అంటూ అత్తగారు బకెట్ లాక్కుంది. ఇన్నేళ్లలో ఆవిడ ఆ బకెట్ ముట్టుకోవడం అదే మొదలు. ఆవిడ చేతిలోని స్ట్రిప్ మీద రెండు గీతలు చూసింది కోడలు. మిగిలిన ఆ కాస్త ఆశా పోయింది. గోడకు చేరగిలబడి ఏడ్చేసింది. ఆనందబాష్పాలనుకుని పైవాటా ఆవిడ కూడా కళ్లొత్తుకుంది.

పాలతో వచ్చిన మొగుడికి అందరూ షేక్‌హ్యాండ్ ఇచ్చారు. కోడలు ఆయన వంక చూసింది. ఆయన పాల ప్యాకెట్ వంక చూశాడు.

"థాంక్సండీ" అన్నాడు.

ఆ మాటతో కోడలి ఏడుపు ఆగిపోయింది.

"అత్తయ్యా, ఆ స్ట్రిప్ నాది కాదు."

"నీది కాకపోతే నాదా?"

"మీ అబ్బాయిది. రెండు గీతలొస్తే లోపం ఆయనలో ఉన్నట్టని డాక్టరమ్మ చెప్పింది. ఆయన్నే అడగండి."

"అవునమ్మా" అన్నాడు కొడుకు, తల ఎత్తకుండా.

గొడ్రాలు దాపురించిందని ఇన్నేళ్లూ వీధంతా చెప్పుకొచ్చిన అత్తగారు మొదటిసారి గొంతు తగ్గించింది.

"నెమ్మదిగా మాట్లాడవే తల్లీ. ఇలాంటివి ఇంటి గుట్టు. నలుగురికీ తెలిస్తే ఏం బావుంటుంది?" అంటూ గబగబా వెళ్లి వీధి తలుపు వేయబోయింది.

తలుపు పడలేదు, కూతురు తెచ్చిన ఉయ్యాల గుమ్మానికి అడ్డంగా ఇరుక్కుని ఉంది.