వంటింటి మీదుగా దారి

మన దేశంలో న్యాయం రెండు అంచెల్లో జరుగుతుంది. మొదటి అంచెలో ఒక జడ్జిగారు పొరబడతారు. రెండో అంచెలో ఇంకొకరు వచ్చి, ఆ జడ్జిగారు పొరబడ్డారని నిరూపిస్తారు. మొదటి పనికి సర్కారు జీతమిస్తుంది, రెండో పనికి పార్టీలు ఫీజిస్తారు. ఈ రెండు పనులనూ వరసగా ఒకే మనిషికి అప్పగిస్తే దేశానికి ఎంత సదుపాయమో ఇంకెవరూ ఆలోచించినట్టు లేదు. మావారు ఆలోచించారు.

నా ఫిర్యాదు ఆయన మీదే. పేరు రామకోటేశ్వరరావు. మున్సిఫుగా మొదలుపెట్టి, వేరే జిల్లాలో జిల్లా జడ్జిగా రిటైరై, బెజవాడ గవర్నరుపేటలోని మా ఇంటికి అప్పీళ్ల ప్లీడరుగా బోర్డు కట్టారు. బోర్డు మీద పేరుకన్నా 'రిటైర్డు జిల్లా జడ్జి' అన్న ముక్క పెద్దది. (పెయింటరు పొరబాటనుకున్నాను. కొలతలు ఈయనే ఇచ్చారట.)

రిటైరైన జడ్జిని ప్లీడరుగా పెట్టుకోవడంలో పార్టీలకు ఒక నమ్మకం ఉంది. పైన కూర్చున్న జడ్జిగారు కింద నిలబడ్డ జడ్జిగారిని చూసి, రేపు మనమూ అక్కడ నిలబడాల్సినవాళ్లమే కదా అని మెత్తబడతారని. ఈ సూత్రం చట్టంలో ఎక్కడా లేదు. అందుకే దాన్ని కొట్టెయ్యడం ఏ కోర్టుకూ చేతకావడం లేదు.

అప్పీలులో మొదటి వాక్యం ఎప్పుడూ ఒకటే. "విజ్ఞులైన దిగువ కోర్టు న్యాయమూర్తి పొరబడ్డారు." మావారు దీన్ని కాఫీకి ముందొకసారి, కాఫీ తరవాత పలుమార్లు గుమాస్తాకు చెప్పి రాయిస్తారు. ఇంతమంది విజ్ఞులు పొరబడ్డ రాష్ట్రంలో పొరబడని విజ్ఞుడు ఒక్కరే మిగిలారు. వారికి నేను వంట చేస్తున్నాను. పెళ్లయిన నాటి నుంచి ఆయన నోట 'తప్పు నాది' అన్న మాట వినలేదు. ఒకసారి ఏలూరు వెళ్లాల్సిన మనిషి తెనాలి బండెక్కారు. బండి సరైన ప్లాట్‌ఫారం మీద ఆగలేదని తీర్పిచ్చి, తెనాలిలో భోంచేసి వచ్చారు.

ఆయన సర్వీసు మొత్తానికి తలమానికం ఒక వాక్యం. మున్సిఫుగా ఉన్న రోజుల్లో శౌరయ్య అనే రైతుకూలీ, తాతల కాలం నుంచి తాము నడిచే కొబ్బరితోట గట్టు మీద దారి ఇప్పించమని దావా వేశాడు. ఈయన కొట్టేశారు. కొట్టేస్తూ ఇలా రాశారు: "నడిచినంత మాత్రాన దారి కాదు, అది అలవాటు మాత్రమే." శౌరయ్య ఇల్లమ్ముకుని ఇబ్రహీంపట్నం వైపు కూలికి వెళ్లిపోయాడని తరవాత విన్నాం. వాక్యం మాత్రం మాతోనే ఉంది. పెళ్లిళ్లలో, బారసాలల్లో, ఒకసారి సంతాపసభలోనూ ఆయన దాన్ని వినిపించారు. (పోయినాయనకు ఉదయపు నడక అలవాటుండేది.)

ఇలా ఉండగా ఒక వానాకాలంలో చల్లపల్లి పక్క పల్లె నుంచి అమలమ్మ వచ్చింది. మోకాళ్ల దాకా ఎండిన బురద. గేదెల పాలు కేంద్రంలో పోసి బతికే మనిషి. ఆమె ఇంటి నుంచి రోడ్డెక్కాలంటే వెంకటప్పయ్య అనే భూస్వామి పొలం గట్టు మీదుగా నడవాలి. అత్తగారి అత్తగారి నాటి నుంచీ అదే నడక. వెంకటప్పయ్యగారు గట్టుకు ముళ్లకంచె వేశారు. ఇప్పుడు పాలబిందెతో మురుగుకాలవ చుట్టూ తిరిగి బురదలో దిగి వెళ్లేసరికి కేంద్రం తలుపు మూసేస్తున్నారు. దావా వేస్తే మున్సిఫు సంజీవరావుగారు కొట్టేశారు.

"గేదెలమ్ముకోమంటన్నారండి అందరూ," అంది అమలమ్మ, అరుగు చివర కూర్చుని. "అమ్మేసి ఏం తినాలండి? ఆయనగారి కంచె తినాలా?"

మావారు తీర్పు నకలు గుమాస్తా చేత చదివించుకుంటూ, ఒక చోట చెయ్యెత్తి ఆపారు. "ఆ ముక్క మళ్లీ చదువు," అన్నారు. గుమాస్తా చదివాడు. నడిచినంత మాత్రాన దారి కాదు, అది అలవాటు మాత్రమే. సంజీవరావుగారు ఒకప్పుడు ఈయన దగ్గర పని నేర్చుకున్నవారు. గురుదక్షిణగా అమలమ్మ దారి సమర్పించారు.

"చూశావా రత్నం, నా వాక్యం," అన్నారు మావారు, మొహం చాటంత చేసుకుని. "కామా కూడా మార్చలేదు."

"సంతోషమండీ. మరి అమలమ్మ గెలవాలంటే?"

"అప్పీలు వెయ్యాలి."

"అందులో మొదటి వాక్యం ఏమిటి?"

గుమాస్తా కలం పట్టుకుని సిద్ధంగా ఉన్నాడు. "విజ్ఞులైన దిగువ కోర్టు..." అని మొదలుపెట్టి మావారు ఆగిపోయారు. ఫ్యాను కేసి చూశారు. ఆ పూట అప్పీలు అక్కడితో ముగిసింది.

చివరికి వేశారు, వెయ్యకపోలేదు. అందులో అన్నిటి మీదా అభ్యంతరాలున్నాయి. సాక్షుల మీద, సర్వేయరు గొలుసు మీద, తీర్పు చెప్పిన వేళ మీద. ఆ ఒక్క వాక్యం మీద లేదు. ఇక విచారణకు పిలిచినప్పుడల్లా బందరు జిల్లా కోర్టులో వాయిదా అడిగేవారు. ఓసారి దగ్గన్నారు. ఓసారి తనకు పని నేర్పిన సీనియరుగారి మనవరాలి నిశ్చితార్థమన్నారు. (వాయిదాకు కారణం నిజం కానక్కర్లేదు, మర్యాదగా ఉంటే చాలు. ఇదే మన సివిలు విధానంలో జనానికి అర్థమయ్యే ఏకైక నిబంధన.)

వాయిదా పడ్డప్పుడల్లా అమలమ్మ బస్సెక్కి వచ్చి, చెంబుడు పాలు నా చేతికిచ్చేది. "జడ్జిగారికి దగ్గంటగా అమ్మగారండీ. మిరియాలేసి కాచివ్వండి. నా యవారం ఎక్కడికి పోద్దిలెండి, బురదలోనేగా ఉంది."

అలాంటి ఒక వాయిదా నాటి రాత్రి భోజనాల దగ్గర అడిగాను. "ఆ ముక్క తప్పని చెప్పేస్తే సరిపోదుటండీ?"

"తప్పు కాదు. కేసులు వేరు. శౌరయ్యది కొబ్బరితోట గట్టు, ఈవిడది వరిచేను గట్టు."

ఆ తేడా నాకు బాగా అర్థమైంది. మర్నాడు పొద్దున్నే వంటింటి తలుపుకు లోపలి నుంచి తాళం పెట్టాను.

ఇక్కడ మా ఇంటి భౌగోళిక పరిస్థితి మనవి చెయ్యాలి. ముందు గదిలో ఆఫీసు, నడుమ హాలు, వెనక వంటిల్లు, దాని వెనక పెరడు. మరుగుదొడ్డి ఆ పెరటి చివర. ఇల్లు నా పేరున ఉంది. (ఉద్యోగంలో ఉన్న రోజుల్లో ముందుజాగ్రత్తగా ఆయనే రాయించారు.)

"రత్నం, తలుపు రావడం లేదు."

"తాళం పెట్టానండీ."

"నేను పెరట్లోకి వెళ్లాలి."

"నా వంటింటి మీదుగా మీకు దారి ఉన్నట్టు దస్తావేజు ఏదైనా ఉందా?"

"ఇన్నేళ్లుగా నడుస్తున్నాను కదే."

"నడిచినంత మాత్రాన దారి కాదుటండీ," అన్నాను. మిగతా సగం ఆయన పూర్తి చేస్తారని కాసేపు ఆగాను. చెయ్యలేదు.

"అవసరం కొద్దీ నడిచే దారిని చట్టం గుర్తిస్తుంది," అన్నారు కాస్త తొందరగా.

"అమలమ్మకూ గుర్తిస్తుందా, మన ఇంట్లోవాళ్లకేనా?"

ఆయనకు ప్రత్యామ్నాయ మార్గం ఒకటి ఉంది. వీధి గుమ్మం దిగి, మూల తిరిగి, వెనక సందు బురదలో నడిచి, పెరటి తలుపు లోంచి రావాలి. ఆ విధంగా రిటైర్డు జిల్లా జడ్జిగారు ఒక చేత గొడుగు, ఒక చేత చెంబుతో అరుగు దాటి వెళ్లసాగారు. అరుగు మీద పార్టీలు గౌరవంగా లేచి నిలబడి "నమస్కారం జడ్జిగారూ" అనేవారు. వచ్చేటప్పుడు మళ్లీ లేచేవారు. వెంకటప్పయ్యగారి ప్లీడరు ఒకనాడు సందులో ఎదురై, "ఆరోగ్యం ఎలా ఉంది సార్, దగ్గు తగ్గిందా?" అని కుశలమడిగి, చాలాసేపు నిలబెట్టి మాట్లాడారట.

ఆ తరవాతి విచారణకు మావారు వాయిదా అడగలేదు.

కోర్టులో జరిగింది గుమాస్తా చెప్పాడు. బందరు జిల్లా జడ్జిగారు ఆ వాక్యం చదివి, "చక్కగా రాశారండీ" అన్నారట. మావారు గొంతు సవరించుకుని, "చక్కగానే రాశారు, యువరానర్. కాని ఆ వాక్యం మొదట రాసిన మున్సిఫుగారు పొరబడ్డారు. నడవకపోతే బతుకు గడవని చోట నడవడాన్ని అలవాటనరు," అన్నారట. సందులో బురద ఎంత లోతు ఉంటుందో కూడా వివరంగా వాదించారట. అప్పీలు నెగ్గింది. కంచె తీయించారు. అమలమ్మ తెల్లారేసరికి పాలు పోసి, ఆ బట్టలతోనే జున్ను పట్టుకుని వచ్చింది. ఈసారి కాళ్లకు బురద లేదు.

ఆమె వెళ్లాక మావారు వంటింటి తలుపు దగ్గరికొచ్చారు.

"గెలిచాం కదా. ఇంక తాళం తియ్యి."

"పొరబడింది ఎవరని చెప్పారండీ కోర్టులో?"

"అప్పటి మున్సిఫు."

"ఆయనెవరో నాకు తెలియదు. మన ఇంట్లో ఉండరు."

బయట వాన మొదలైంది. చెంబు నేల మీద పెట్టిన శబ్దం వినిపించింది.

"నేనే," అన్నారు. "నేనే పొరబడ్డాను, రత్నం."

తాళం తీశాను. ఆయన చెంబు తీసుకుని లోపలికి అడుగుపెట్టారు.

"మరి ఆ శౌరయ్య సంగతేమిటండీ?" అని అడిగాను.

"అప్పీలుకు గడువు దాటిపోయింది," అంటూ నా వంటింటి మీదుగా పెరట్లోకి వెళ్లిపోయారు.