ఇమోజీన్ పిస్తోలు స్వయంవరం

ఎర్రధూళి లేచి, తీగపై ఆరవేసిన తెల్ల దుప్పట్లకు కాషాయదీక్ష ఇచ్చు ఓక్లహోమా సీమయందు, ఉదయమున ఊరెల్ల అదరగొట్టిన సుడిగాలి సైరను మధ్యాహ్నమునకు తానే సిగ్గుపడి నోరు మూసుకొనిన ఒకానొక ఏప్రిల్ మంగళవారమున, డస్టిన్ స్ప్రింగ్స్ అను పురవరమున, ట్రాక్టరు టైర్ల అంగడికిని వేపుడుకోడి హోటలునకును నడుమ వెలసిన బక్ హార్‌గ్రేవ్ తుపాకుల దుకాణము ముంగిట, శ్వేతవర్ణ బ్యూక్ రథమొకటి వచ్చి, రెండు గీతల నడుమ నిలువవలసినది మూడు గీతలనాక్రమించి నిలిచెను. అందుండి ముందుగా ఒక మోకాలు, తరువాత ఒక నిట్టూర్పు, ఆపై రెండవ మోకాలు దిగెను. వాని వెనుక దిగినది ఇమోజీన్ రాట్లిఫ్.

అరువదియేడు వసంతములు చూచినది. ముప్పదియేండ్లు బడి వంటశాలలో గరిటె ధరించి, ఊరి బాలబాలికలకెల్ల బఠాణీలు వడ్డించి, తిననివారిని ఒక్క చూపుతో తినిపించినది. గంగాళములంతటి సూపు గిన్నెలను తుంటితో తోసి పొయ్యి నుండి బల్లకు చేర్చిన బలిష్ఠ. హెర్షెల్ అను ఆజానుబాహువునకు ఒకప్పటి ఇల్లాలు, ఇప్పటి వితంతువు. ఆమె వెనుక చెల్లెలు వెర్లీన్, చేత చల్లని తీపి టీ గ్లాసుతో, నోట పుదీనా బిళ్ళతో, బండి తాను నడపకపోయినను దారి పొడవునా నడుపు అక్కకు సలహాలిచ్చిన అలసటతో దిగెను.

ఇట్టి మహాతల్లికి పిస్తోలుతో ఏమి పని యందురా, వినుడు.

చలి వదలుచున్న దినములలో ఒక శనివారము మధ్యాహ్నము, పాత సైనికుల హాలులో జరుగు, పిలిచిన అంకెలను చీటీపై గుర్తించు బింగో సమరమునకు ఆమె ఎప్పటివలె బయలుదేరి, కారు దిగి గుమ్మము వైపు నడచుచుండగా, టోపీ కనుబొమల దాక లాగుకొనిన యువకుడొకడు వెనుకనుండి గాలివలె వచ్చి, చేసంచి లాగుకొని, గాలివలెనే పోయెను. ఆ ఊపునకు ఆమె కంకరపై కూలబడెను. సంచిలోనున్నవి అంకెలపై చుక్కలు పెట్టు రంగు సీసాలు, సగము తిన్న శాండ్‌విచ్, గతించిన హెర్షెల్ యొక్క క్రింది కట్టుడుపండ్లు. ఆ పండ్లను ఆమె ఏల మోయుచుండెనో అడుగు తెగువ ఆ పురమున ఎవ్వరికిని లేదు. కొన్నినాళ్ళకు షెరీఫు మనుషులు మురుగుకాల్వలో సంచిని కనుగొనిరి. అన్నియు పోయెను గాని పండ్లు మాత్రము భద్రముగనుండెను. దొంగ సయితము వానికి జంకెను.

దొరకనిది ఆమె శనివారము. ఆ తరువాత ఆమె రెండుమార్లు హాలు దాక పోయి, ఇంజను ఆపక, స్టీరింగు పట్టుకొని గుమ్మమును చూచుచు కూర్చుండి, చేతుల వణుకు తగ్గకపోగా ఇంటికి మరలివచ్చెను. చెల్లెలితో కడుపునొప్పి అని చెప్పెను. వెర్లీన్ నమ్మినట్లు నటించెను. ఊరిలో సగము మంది చొక్కాల క్రింద పిస్తోళ్ళు పెట్టుకొని తిరుగువారే. తానును ఒకటి పెట్టుకొన్నచో ఆ కంకరనేలను దాటగలనని ఇమోజీన్ నిశ్చయించెను. ఇదియే ఆ దండయాత్రకు కారణము.

దుకాణమున గాజుపెట్టెల క్రింద, స్వయంవర మంటపమున నానాదేశ రాజకుమారులవలె, పిస్తోళ్ళు బారులు తీరి పవళించియుండెను. వధువు కళ్ళద్దములు తుడుచుకొని వారిని పరికించెను.

"రండి రండి. ఏం చూపించమంటారు, బంగారూ?" అని బక్ హార్‌గ్రేవ్ పలికెను. బొడ్డు దాక దిగిన గడ్డముతో, గాజుపెట్టెపై మోచేతులానించి, అతడు ఆ రాజకుమారుల కెల్ల పెండ్లిపెద్దవలె వెలుగుచుండెను.

"నీ బంగారాన్ని ఇంట్లో పెట్టుకో, బక్. నాకో పిస్తోలు కావాలి. చొక్కా కింద దాచుకునేది, బయటికి కనపడనిది."

"ఓ, మీరా ఇమోజీన్ గారూ. గుర్తుపట్టలేదు, గరిటె లేదు కదా చేతిలో." అతడు వంగి, అరచేతినైనను నింపని ఒక చిన్నదానిని తీసి వెల్వెట్ గుడ్డపై పరుండబెట్టెను. "ఇదిగో. ఆడవాళ్ళెవరొచ్చినా ఇదే పట్టుకెళ్తారు. రంగు చూశారా, లేత ఊదా, లావెండర్."

"చుట్టాలొస్తే బాత్‌రూంలో పెట్టే సబ్బులా ఉంది," అని వెర్లీన్ టీ జుర్రెను.

"తూటాల్లేవు, చూశాను. అయినా మూతి ఆ గోడవైపే పెట్టి, స్లయిడ్ లాగండి," అనెను బక్.

స్లయిడనగా పిస్తోలు నెత్తిమీది ఇనుప తొడుగు. దానిని వెనుకకు లాగి విడిచిననే గాని మొదటి తూటా గొట్టములోనికి పోదు. ఇమోజీన్ లాగెను. అది కదలలేదు. పండ్లు బిగించి, భృకుటి ముడిచి, నరములుబ్బ, కీళ్ళవాతపు వ్రేళ్ళు నిప్పులై మండ, సప్తసముద్రములను ఒక్క గుక్కలో పీల్చబోవు దానివలె ఊపిరి పీల్చి మరల లాగెను. లావెండరు కుమారుడు చలింపలేదు. పూర్వకాలపు స్వయంవరములందు వరులు విల్లు వంపలేక వగచిరి. ఇచ్చట వధువే వరుని కదల్పలేక వగచుచుండెను.

"పోనీ, ఇంట్లో మీ వారిని లాగి పెట్టమని..." అని బక్ నోరు జారెను.

"మా వారు ఏడేళ్ళ నుంచీ శ్మశానంలో పడుకునున్నారు, బక్. లేపమంటావా?"

పెండ్లిపెద్ద గడ్డమును చూచుకొనెను. ఆపై రెండవ వరుని ప్రవేశపెట్టెను. అది స్లయిడు బాధ లేని పొట్టి రివాల్వరు. తూటాల చక్రము నడుమ ముందుకు పొడుచుకొని వచ్చియుండెను. ఇమోజీన్ ట్రిగ్గరు నొక్కెను. చూపుడువ్రేలు తెల్లబడెను, ట్రిగ్గరు సగము దాక వచ్చి నిలిచెను.

"ఇది అచ్చంగా మా మావగారే," అనెను వెర్లీన్. "పొట్టి, ముందుకి పొట్ట, ఎంత నొక్కినా మాట వినడు."

మూడవది నల్లనిది, లావెండరు కంటెను చిన్నది. దానిని చేతబట్టుకొనగా ఇమోజీన్‌కు సూపు గిన్నెలు గుర్తుకువచ్చెను. ముప్పదియేండ్లలో ఆమె ఏ గిన్నెనును లాగలేదు. లాగినచో సూపు ఒడిలో పడును. గిన్నెను పొట్టకు దగ్గరగా పట్టి, ఒళ్ళంతయు వేసి తోయవలెను.

"దీన్ని లాగను," అనెను. "తోస్తాను."

పిస్తోలును గోడవైపే త్రిప్పి పొట్టకు చేరువగా తెచ్చి, ఎడమచేత స్లయిడును పిడికిలించి కదలనీయక, కుడిచేత పిడిని భుజబలముతో ముందుకు తోసెను. లోహము లోహముతో కరకరలాడెను; స్లయిడు వెనుకకు పోయి, విడువగా టక్కున మూసుకొనెను. ఆ శబ్దమునకు దిక్కులు పిక్కటిల్లలేదు గాని, వెర్లీన్ నోటి పుదీనా బిళ్ళ నేల రాలెను.

"ఏమండోయ్," అనెను బక్, మొదటిసారి గాజుపెట్టె మీది మోచేతులు తీసి.

దుకాణము వెనుకనున్న కాల్పుల గదిలో పరీక్ష జరిగెను. చెవులకు డిప్పలు, కన్నులకు అద్దములు ధరించి, ఆ వీరాంగన ఎదుట వ్రేలాడు, టోపీ పెట్టిన మనిషిబొమ్మ కాగితమునకు గురి చూచి పేల్చినంతనే, ఆ చిట్టిది కంచరగాడిదవలె తన్నెను. బొటనవ్రేలు నుండి భుజము దాక ఎముకలన్నియు పేరుపేరున మేలుకొనెను. తూటా కాగితపు శత్రువును తాకక, వానిని వ్రేలాడదీసిన తీగను తెంపెను. శత్రువు చావలేదు, తేలుచు వచ్చి ఆమె పాదములపై పడి శరణు కోరెను.

"ఇదేంట్రా, ఇలా తన్నింది?"

"చిన్నదైతే అంతేనండీ. బరువుండదు కదా, దెబ్బంతా చేతికే వస్తుంది."

"ఆ ముక్క ముందే చెప్పొచ్చుగా."

"ఆడవాళ్ళు చిన్నదే అడుగుతారండీ."

"అడుగుతారా, నువ్వే చేతిలో పెడతావా?"

బక్ సమాధానము గడ్డములో వెదకుకొనుచుండగా, ఇమోజీన్ దుకాణములోనికి మరలివచ్చి, మూలనున్న పెట్టె వైపు వ్రేలు చూపెను. "అదేంటి, ఆ చివర్లోది?"

"అదా. కొంచెం పెద్దది. చూడ్డానికి కూడా ఏం బావుండదు."

"నేనేం పెళ్ళాడ్డానికి రాలేదు. తియ్యి."

అది దుమ్మురంగుది, మొద్దుది, ఏ వంశప్రతిష్ఠయు లేనిది. కాని పిడిని పట్టగా చిటికెనవ్రేలికి సయితము చోటు దొరికెను. తోయగా స్లయిడు వెన్నలో కత్తివలె పోయెను. మరల కాల్పుల గదికి పోయి పేల్చగా అది తన్నలేదు, భుజము తట్టినట్లు కదలెను. క్రొత్తగా వ్రేలాడదీసిన శత్రువు భుజమున రంధ్రమేర్పడెను. రెండవ తూటా కంఠమున, మూడవది అతని టోపీలో దిగెను. ఇమోజీన్ పిస్తోలు దించి, కాగితమును చాలసేపు చూచెను. ఆమె చేతులు వణకుచుండలేదు. ఆ సంగతి ఆమెయును గమనించెను, వెర్లీనును గమనించెను.

వరుడు కుదిరెను గాని కాపురమునకు ఇల్లు కుదరవలసియుండెను. బక్ ఇచ్చిన ఒరలో పిస్తోలునుంచి ఆమె నడుమున దోపుకొనెను. ఆమె ధరించినది ఎలాస్టిక్ నడుము ప్యాంటు. ఆ ఎలాస్టిక్ ఎన్నో థాంక్స్‌గివింగ్ విందులను తాళుకొన్నది, ఇనుమును తాళుకోలేకపోయెను. మూడడుగులు వేసినంతనే పిస్తోలు పాతాళాభిముఖమై, ప్యాంటును తోడుగా తీసుకొని పయనమయ్యెను. ఇమోజీన్ రెండుచేతుల ప్యాంటును పట్టి నిలిపెను. బక్ సభ్యతతో పైకప్పును వీక్షించెను. వెర్లీన్ నేలపై కూర్చుండి కన్నీరు కారునట్లు నవ్వెను.

"ఇదిగో బక్, పైకి చూసింది చాలు. దాచడమెలాగో చెప్పు. అందులో నిన్ను మించినోడు లేడు."

"నేనా?"

"మూడో క్లాసులో నేను వడ్డించిన బఠాణీలన్నీ సాక్సుల్లో దాచుకుని, ఖాళీ ప్లేటు చూపించి పుడ్డింగ్ కొట్టేసేవాడివి కాదూ?"

ఊరివారి భయములనన్నిటిని తీర్చు ఆ గడ్డధారి చెవుల దాక ఎరుపెక్కెను. "మీకు తెలుసా ఆ సంగతి?"

"నడుస్తుంటే చప్పుడొచ్చేది నాయనా. తెలిసే పుడ్డింగ్ పెట్టేదాన్ని."

అతడు లోపలికిపోయి, మందమైన తోలుబెల్టు తెచ్చి ఆమె చేతబెట్టెను. "బెల్టు పెట్టుకునే ప్యాంటు వేసుకోండి. పైన వదులు చొక్కా. తుంటి వెనక్కి పెట్టుకుంటే కనపడదు." ఆ పలుకులలో బంగారూ అను మాట మరల వినబడలేదు.

ఆ వారమంతయు ఆమె కాల్పుల గదిలో సాధన చేసెను. ఇంట జీన్సు ధరించి, వెర్లీన్ మగని పువ్వుల చొక్కా తొడిగి, అద్దము ముందు వంగి, లేచి, ప్రక్కకు తిరిగి, చెల్లెలిచే పరీక్షింపబడెను. శనివారము వచ్చెను. కుర్చీలు పట్టుటకు వెర్లీన్ ముందే హాలునకు పోయెను. ఇమోజీన్ బ్యూక్ దిగి, తుంటిపై ఇనుపధైర్యముతో, చొక్కా గాలికెగరకుండ ఒకచేత నొక్కిపట్టి, ఆ భీకర కంకరకురుక్షేత్రమును సింహివలె దాటి గుమ్మము చేరెను. తలుపుపై ఒక పలక ఉండెను: పిస్తోలు బొమ్మ, దానిపై అడ్డముగా ఎర్రగీత, క్రింద "ఆయుధములతో ప్రవేశము లేదు" అను అక్షరములు.

"లోరెన్, ఇదెప్పుడు పెట్టారు?" అని ఆమె గుమ్మము వద్ద టికెట్లు చించు వృద్ధుని అడిగెను.

"మొదట్నుంచీ ఉంది. ఇరవై ఏళ్ళుగా దాన్ని తోసుకునే కదా లోపలికెళ్తున్నావు."

ఇమోజీన్ పలకను చూచెను, లోరెన్‌ను చూచెను, ఆకాశమును చూచెను. ఎవ్వరును సహాయము చేయలేదు. ఆమె వెనుదిరిగి కారు చేరి, పిస్తోలును ఒరతో సహా డిక్కీలోని ఇనుపపెట్టెలోనుంచి తాళము వేసెను. ఇప్పుడు ఎదుట అదే కంకర, అదే గుమ్మము. నడుమున బరువు లేదు. కారు తలుపు పిడిపై చేయి తానే పోయెను. లోపల కూర్చుండి, ఇంటికి పోయి, కడుపునొప్పి అనవచ్చును.

ఆమె చేయి తీసెను. నడచెను. సగము దూరము పోవునంతలో రెండు లారీల నడుమనుండి, టోపీ కనుబొమల దాక లాగుకొనిన యువకుడొకడు వచ్చి ఎదుట నిలిచెను. చేయి ఖాళీ తుంటికి పోయి, చొక్కా పువ్వులను పట్టుకొనెను. అప్పుడామెలో మేలుకొన్నది పిస్తోలు కాదు, వంటశాల.

"టోపీ పైకి తీసి మాట్లాడు," అనెను.

అతడు టోపీ తీసెను. లోపల మొటిమల ముఖము, భయపడిన కన్నులు. "సారీ మేడం. మీ కారు లైట్లు ఆపలేదు. మా నానమ్మని దింపడానికొచ్చాను, చూశాను. బ్యాటరీ పోతుందని."

ఆమె వెనుదిరిగి చూచెను. పగటివేళ లైట్లు వెలిగించుకొని బ్యూక్ ఆమెనే చూచుచుండెను.

"థాంక్స్ నాయనా," అని, మోకాళ్ళను, బ్యూక్‌ను, లోరెన్‌ను, అతని పలకను, వానిని కన్న తల్లులను వరుసగా తిట్టుచు ఆమె మరల కారునకు పోయి లైట్లార్పి, మరల బయలుదేరెను. ఆ తిట్లలో మునిగి, కంకరను ఎప్పుడు దాటెనో ఆమెకే తెలియదు. తెలిసినది లోరెన్ టికెట్టు చించిన తరువాతనే.

లోపల, ఆమె ఇరువదియేండ్లుగా కూర్చుండు కిటికీ ప్రక్క కుర్చీలో, ఊరికి క్రొత్తగా వచ్చిన ఒక స్త్రీ కూర్చుండియుండెను. వెర్లీన్ ప్రక్కనుండి చేతులెత్తెను. "చెప్పాను. వినట్లేదు."

ఇమోజీన్ వచ్చి ఎదుట నిలిచి, బఠాణీలు తినని బిడ్డను చూచునట్లు చూచెను. ఆ స్త్రీ ముందుగా తన టీ గ్లాసును, తరువాత తన చీటీలను, చివరకు తనను లేపుకొని ప్రక్కబల్లకు పోయెను.

ఓ డస్టిన్ స్ప్రింగ్స్ పురజనులారా, వినుడు. నానాదేశ రాజకుమారులను నిరాకరించి మొద్దువరుని వరించి, ఎలాస్టిక్ ద్రోహమునకోర్చి, ఒక్క మధ్యాహ్నమున కంకరసముద్రమును అటునిటు అయిదుమార్లు త్రొక్కి, వరుడు డిక్కీలో గురకపెట్టుచుండగా, ఒక్క తూటా వ్యయము లేకుండ, ఒక కాలు కొంచెము కురచయైన ఇనుప మడతకుర్చీని ఇమోజీన్ రాట్లిఫ్ శత్రువు నుండి విడిపించుకొనెను. అందు ఆమె కూర్చుండెను. కుర్చీ కిర్రుమనెను. మైకులో మొదటి అంకె పిలిచిరి. అది ఆమె చీటీలో లేదు.