రక్కసులకు నీలమ్మ వేసిన గ్రేడు

ఏ వస్తువునైనా వాడి చూడకుండా, తిని చూడకుండా, దాని ఊసే ఎరగకుండా ఠక్కున ర్యాంకు ఇచ్చేయగలగడమే మానవజాతి సాధించిన అతి పెద్ద ఘనత అని నేను ఘంటాపథంగా చెబుతున్నాను. నిప్పు, చక్రం, సెల్‌ఫోన్ చార్జరు, అన్నీ దీని తరవాతే!

నమ్మరా? అయితే పలాస రండి. నీలమ్మ కొడుకు మురళీమోహన్‌ని చూడండి.

మురళీమోహన్ 'రక్కసి రింగ్' అనే ఫోన్ గేమ్ ఆడతాడు. అందులో నూట నలభై వింత జంతువులుంటాయి. ఆరింటిని ఎంచుకుని ఎదుటివాడి ఆరింటి మీదికి ఉసిగొల్పాలి. ఆడతాడు అన్నాను గానీ, పొరపాటు. ఆడితే రెండో రౌండు దాటడు. అందుకని ఏ జంతువు పోటీకి పనికొస్తుందో, ఏది పనికిరాదో తన చానెల్లో జాబితా పెడతాడు. ఎస్ అంటే దేవుళ్ళు. ఏ, బీ అంటే మనుషులు. సీ అంటే దూరపు చుట్టాలు. డీ అంటే పేరు కూడా ఎత్తకూడదు. ఆ జాబితాను ముప్పై వేల మంది కళ్ళకద్దుకుంటారు. ఆడటంకంటే ఎంత హాయో చూడండి! ఓడిపోయే బాధే లేదు.

మొన్న ఓ ఆదివారం గేమ్‌కి అప్‌డేట్ వచ్చింది. జంతువుల బలాలన్నీ తారుమారు! సాయంత్రంలోగా కొత్త జాబితా పెట్టకపోతే నరసన్నపేట వాడెవడో ముందే పెట్టేస్తాడు. మురళీమోహన్ జుట్టు పీక్కుంటున్నాడు.

అదే గదిలో నీలమ్మకీ మనసు మనసులో లేదు. ఆవిడ ఇరవై రెండేళ్ళుగా జీడిపప్పు ఫ్యాక్టరీలో గ్రేడింగ్ చేస్తోంది. గుండు ఒక పక్క, బద్ద ఒక పక్క, ముక్క ఇంకో పక్క, మచ్చ పడ్డది వేరే. ఇప్పుడు ఫ్యాక్టరీలోకి రంగు చూసి పప్పు ఏరే మెషీన్ దిగింది. నలభై మంది ఆడవాళ్ళలో పదిహేను మందినే ఉంచుతారట. ఆ పేర్లు శుక్రవారం గోడకి అంటిస్తారట. ఈ పని పోతే ఆ ఇల్లు గడవదు. చానెల్ మీద వచ్చేది మురళీమోహన్ ఫోన్ రీచార్జికి చాలీచాలకుండా ఉంటుంది.

"ఏట్రా గుంటడా, పొద్దున్నుంచీ ఆ బొమ్మలట్టుకుని ఏడుత్తన్నావు?" అంది నీలమ్మ.

"ఏది మంచిదో ఏది సెడ్డదో ఏరాలమ్మా. నూట నలభై ఉన్నాయి."

"ఏరడమా! అదేటంత పెద్ద పని? ఇలగియ్యి ఫోను."

కళ్ళజోడు తుడుచుకుని కూర్చుంది. నలభై నిమిషాల్లో నూట నలభైనీ తేల్చేసింది. "ఇది తెల్లగా గుండుగా ఉన్నాది, పైన పెట్టీ. ఇది బద్ద. ఇదేటిదిరా, ఒంటికన్ను? కొమ్ము కూడా ఇరిగిపోనాది. ముక్క. అడుక్కి తోసీ."

"అమ్మా, అది డ్రాగను! పోయిన నెలంతా దాన్ని ఎవులూ కొట్టలేకపోనారు!"

"డ్రాగనైతే నాకేటి? పైగా మచ్చ కూడా ఉందిరా. మచ్చ పప్పు ఎంత రుసిగున్నా ఎక్స్‌పోర్టుకెల్లదు."

ఇంత నదురూ బెదురూ లేకుండా తీర్పు చెప్పే నిపుణులు మనకెంతమంది ఉన్నారు చెప్పండి? జనం అలాంటివాళ్ళ కోసమే కదా మొహం వాచి ఉన్నారు! అమ్మ ఏరిన జాబితాను మురళీమోహన్ ఉన్నదున్నట్టు చానెల్లో పెట్టేస్తే, మూడు రోజుల్లో రెండు లక్షల మంది చూశారు. టెక్కలి హాస్టళ్ళలో ఒంటికన్ను డ్రాగన్ ఉన్న కుర్రాళ్ళు, అది తమది కాదని ఒట్టేసుకున్నారు. నిమ్మాడలో ఒకాయన ఆ స్ఫూర్తితో కూతురి పెళ్ళిలో చుట్టాలను ఎస్ నుంచి డీ దాకా విడగొట్టి బంతులు వేయించాడు. డీ వాళ్ళ విస్తట్లో పప్పుచారు పడేసరికి ఎస్ వాళ్ళు బస్సెక్కి ఊళ్ళకి చేరిపోయారు. క్రమశిక్షణ అంటే అదీ!

బుధవారం టెక్కలిలో పోటీ జరిగింది. బారువ నుంచి యామిని అనే పిల్ల, వాళ్ళది సముద్రంలో చేపలవేట చేసే కుటుంబం, ఆ ఒంటికన్ను డ్రాగన్‌తోనే వచ్చింది. వరసగా ఎనిమిది మందిని చిత్తు చేసి కప్పు పట్టుకుపోయింది. దాంతో జాబితా తప్పని తేలిందా? ఛ! యామినికి అదృష్టం కలిసొచ్చిందని తేలింది. జాబితా కూడా తప్పవుతుందా అండీ?

నీలమ్మ ఒక్కర్తే ఆ పోటీ వీడియో చూసి, "ఓలమ్మో, దాన్నా నాను అడుక్కి తోసీసినాను!" అని నాలిక్కరుచుకుంది. నవ్వేసిందే గానీ, మనసులో ఎక్కడో చురుక్కుమంది.

శుక్రవారం గోడ మీద కాగితం పడింది. నలభై పేర్లు, పక్కన ర్యాంకులు. నీలమ్మ పైనుంచి చూసుకుంటూ వచ్చింది. పదిహేను దాటింది, తన పేరు లేదు. ఇరవై, ముప్పై. ఆఖరి వరసలో ఉంది. నలభై.

వరసకి బావయ్యే సూపర్‌వైజర్ పోలారావు పక్కనే నిలబడ్డాడు. "నానేటి సేత్తాను నీలమ్మా? సిస్టం ఇచ్చినాది. రోజుకి నువ్వేరిన కేజీలు అందరికన్నా తక్కువ."

తక్కువే, నిజమే. ఏ గ్రేడో తేలని పప్పును, మచ్చో నీడో తెలియని పప్పును మిగతా ముప్పై తొమ్మిది మందీ ఏళ్ళ తరబడి తెచ్చి పోసింది ఆవిడ ట్రేలోనే. పోయించింది పోలారావే. ఒక్కో గింజనూ వెలుతురుకి పట్టి చూస్తుంటే కేజీలు ఎక్కణ్ణించి వస్తాయి?

"కట్టమైన పప్పంతా నా ట్రేలో పోయించినావు కదా బావా! అదెక్కడ రాసినావు?"

"దానికి కాలమ్ లేదు," అన్నాడు పోలారావు తల దించుకుని.

ఎంత శుభ్రమైన పద్ధతో చూశారా! కాలమ్ లేనిది అసలు జరగనే లేదు.

నీలమ్మ ఏడుస్తూనే ఇంటికొచ్చింది. చెప్పులైనా విడవకుండా, "ఒరే, నానేరిన జాబితా తీసీ," అంది.

"ఏటమ్మా! రెండు లచ్చల మంది సూసినారు!"

"ఒక్కదాని ఆటైనా సూడకుండా గ్రేడు ఏసీసినాన్రా. తీసీమన్నానా!"

తీయలేదు. తీస్తే చానెల్ ర్యాంకు పడిపోతుందట. పాపం, ఆ అబ్బాయిని కూడా ఎవరో ఎక్కడో జాబితాలో పెట్టారు మరి.

సోమవారం నుంచి మెషీన్ జోరుగా నడుస్తోంది. తనకు అర్థంకాని పప్పును మాత్రం పక్కన వేరే గంపలో పోస్తోంది. గురువారానికి అలాంటి గంపలు పదకొండయ్యాయి. ఏం చెయ్యమంటారని పోలారావు మెషీన్ కంపెనీకి ఫోన్ చేశాడు. బాగా అనుభవమున్న మనిషిని ఎవరినైనా చూసి, చేత్తో ఏరించుకోమని వాళ్ళు చెప్పారట.