నూట నలభై ఒకటో నవల

యువత నవలలు చదివేదాకా ప్రభుత్వం నిద్రపోదని మంత్రిగారు ప్రకటించారు. మర్నాడు పేపర్లన్నీ మొదటి పేజీలో వేశాయి. పక్కన ఫోటో. అందులో మంత్రిగారు లావుపాటి పుస్తకం ఒళ్ళో పెట్టుకుని దీర్ఘంగా ఆలోచిస్తున్నారు. అది ఫర్నిచర్ కంపెనీ కేటలాగని గిట్టనివాళ్ళు అన్నారు. అయితే ఏం? అదీ పుస్తకమేగా! కుర్చీ గురించి మంత్రిగారు ఆలోచించకపోతే ఎవరాలోచిస్తారు?

పథకం చాలా గొప్పది. ప్రతి లైబ్రరీలో పిల్లల రీడింగ్ గ్రూపు ఉండాలి. ఆ గ్రూపు చదవడానికి అవార్డు స్థాయి యంగ్ అడల్ట్ నవల ఉండాలి. ఆ నవలని నిపుణుల కమిటీ ఎంపిక చేస్తుంది. కమిటీని మా లైబ్రరీల డైరెక్టరుగారు ఎంపిక చేస్తారు. డైరెక్టరుగారిని ఎవరు ఎంపిక చేశారని మాత్రం అడక్కండి. ఆయన మంత్రిగారికి తోడల్లుడు.

నేను మా ఊరి లైబ్రరీలో బైండర్ని. చిరిగిన పుస్తకాలకి కుట్టువేసి, జిగురు రాసి, అట్ట కట్టి మళ్ళీ నిలబెట్టడం నా పని. వరండా చివర బల్ల నాది. దాని పక్కనే రీడింగ్ రూము. ప్రతి శనివారం తొమ్మిదిమంది పిల్లలు అక్కడ చేరి, నవలలు చదివి, హీరో చేసింది తప్పా ఒప్పా అని గొంతు పోయేలా పోట్లాడుకుంటారు. వాళ్ళకి పెద్ద నా మేనకోడలు. పదహారేళ్ళది. దాన్నందరూ గొడుగు పిల్ల అంటారు. ఎందుకంటే ఆ గది శ్లాబు కారుతుంది. వానొస్తే అది గొడుగు వేసుకుని మరీ చదువుతుంది.

శ్లాబు సంగతి పిల్లలు చెప్పలేదా అంటే, చెప్పారు. తలుపు దగ్గర ఫిర్యాదుల రిజిస్టరు ఒకటుంది. ఎడం పక్క ఫిర్యాదు రాయాలి. కుడి పక్క 'తీసుకున్న చర్య' అని గడి. నాలుగేళ్ళలో ఎడం పక్క శ్లాబు అరవై ఒక్కసార్లు కారింది. కుడి పక్క మాత్రం చుక్క పడలేదు. చివరికి ఇంజనీరొచ్చి గోడకి నోటీసు అంటించిపోయాడు. వానాకాలం మొదలయ్యేలోగా బాగుచేయకపోతే గది ప్రమాదకరం కనుక తాళం వేస్తామని దాని సారాంశం. ఇంకో గది లేదు. తాళం పడితే ఆ గ్రూపూ లేదు.

అందుకే మంత్రిగారి ప్రకటన చూసి మా పిల్ల ఎగిరి గంతేసింది.

"మావయ్యా, కమిటీ మన గదిలోనే కూర్చుంటుందట! అవార్డు ఇవ్వడానికి మంత్రిగారు కూడా వస్తారట. ఇంతమంది వచ్చాక శ్లాబు చూడకుండా ఎలా ఉంటారు?"

"చూస్తారులే," అన్నాను. అప్పటికి పెద్దవాళ్ళ చూపు మీద నాకు అంత నమ్మకం ఉండేది.

కమిటీ వచ్చింది. ఐదుగురు సభ్యులు. సగటు వయసు డెబ్భై ఒకటి. యువత గురించి యువతకైనా సగమే తెలుసు, వీళ్ళకి మొత్తం తెలుసు. వీళ్ళు యవ్వనాన్ని ఎప్పుడో పూర్తిచేశారు. అందులో ఒకాయన పెద్ద విమర్శకుడు. ఏ పుస్తకాన్నయినా మధ్యలో తెరిచి ఒక్క వాక్యం చదివి నలభై పేజీల వ్యాసం రాయగల దిట్ట.

మొదటి మీటింగు ఒక మౌలికమైన ప్రశ్నతో మొదలైంది.

"ఇంతకీ పాఠకుడు యంగా, అడల్టా?" అన్నారు డైరెక్టరుగారు. "ఒకేసారి రెండూ ఎలా అవుతాడు?"

ఫైలు న్యాయశాఖకి వెళ్ళింది. రెండు వారాల్లో జవాబొచ్చింది. చట్టప్రకారం మనిషి తన పద్దెనిమిదో పుట్టినరోజు నాడు మాత్రమే రెండూ అనిపించుకోగలడు. అంటే నవల ఒక్కరోజులో చదివేలా ఉండాలని కమిటీ తీర్మానించింది.

మా పిల్ల తలుపు దగ్గరికెళ్ళి నిలబడింది. "సార్, చదివేది మేమే కదా. మాలో ఒకళ్ళని కమిటీలో వేసుకోండి."

డైరెక్టరుగారు ఎంతో ఆప్యాయంగా నవ్వారు. "చదివేవాళ్ళనడిగి పుస్తకాలు కొంటే ఇక డిపార్ట్‌మెంటు ఎందుకు తల్లీ? వెళ్ళి ఆ వరండాలో ఆడుకోండి."

ఆ రోజునుంచి గ్రూపు నా బల్ల దగ్గరికి చేరింది. జిగురు డబ్బాల మధ్య తొమ్మిదిమంది.

పోటీకి నూట నలభై నవలలొచ్చాయి. అవార్డు సభకి మంత్రిగారు ఇచ్చిన తేదీ నాలుగు రోజుల్లో ఉంది. కమిటీ సభ్యుల మొహాలు వాడిపోయాయి. ఒకాయన కళ్ళజోడు ఇంట్లో మర్చిపోయానన్నాడు. ఇంకొకాయన తనకి నడుంనొప్పి కాబట్టి కవితలైతే చదవగలనన్నాడు. అదిగో, అప్పుడు బయటపడింది డైరెక్టరుగారి బుర్ర.

"మంచి పుస్తకం అంటే ఏమిటండీ? జనం చదివేది. చదివిన పుస్తకం ఎలా ఉంటుంది? మాసి ఉంటుంది. కాబట్టి ఎక్కువ మాసిందే ఎక్కువ మంచిది. దీనికి చదవక్కర్లేదు. చూస్తే చాలు!"

కమిటీ లేచి నిలబడి చప్పట్లు కొట్టింది. నడుంనొప్పి ఆయన కూడా లేచాడు.

మాపు కొలవడానికి సాంకేతిక నిపుణుడు కావాలి. నన్ను పిలిచారు. పంచె సర్దుకుని, జిగురు చేతులు తుడుచుకుని వెళ్ళాను. బల్ల మీదున్న ప్రతి పుస్తకానికీ అటెండరు నంబరు చీటీ అంటించాడు. చివరి చీటీ మీద నూట నలభై ఒకటి ఉంది.

"చూశారా! నూట నలభై అనుకుంటే నూట నలభై ఒకటొచ్చాయి. అదీ రెస్పాన్సు!" అన్నారు డైరెక్టరుగారు.

ఆ చివరిది చూడగానే గుర్తుపట్టాను. ఆ కుట్టు నాది. పిల్లల ఫిర్యాదుల రిజిస్టరది! పోయినేడాది దాని కాగితాలు ఊడిపోతుంటే, "మావయ్యా, మనం రాసిందంతా గాలికి పోయేట్టుంది," అని మా పిల్ల ప్రాణం తీసింది. సరేనని గట్టిగా కుట్టి, ఏదో నవలకి చేయగా మిగిలిపోయిన ఎర్ర గుడ్డట్ట తొడిగాను. పైన పేరేం వేయాలో తోచక వదిలేశాను. కమిటీ కోసం గది ఊడ్చినామె దాన్ని తలుపు దగ్గర్నుంచి తీసి బల్ల మీద పెట్టినట్టుంది.

నూట నలభై నవలలూ ప్రెస్సు వాసన కొడుతున్నాయి. కొన్నిటికి పేజీలు కూడా విడలేదు. ఇదొక్కటే మూలలు నల్లబడి, వానకి ఉబ్బి, పేజీ పేజీకీ వేలిముద్రలతో ఉంది.

"సార్, ఇది వాళ్ళు చదివింది కాదు, రాసిం..."

"మీరు మాసిందో లేదో చెప్పండి. సాహిత్యం సంగతి మేం చూసుకుంటాం."

"మాసింది సార్."

నిజమే చెప్పాను. ఇప్పటికీ తలుచుకుంటే సిగ్గేస్తుంది.

విమర్శకుడుగారు దాన్ని మధ్యలో తెరిచి పైకి చదివారు. "'వాన. బక్కెట్టు నిండింది. ఎవరూ రాలేదు.' అబ్బ! మూడే మూడు ముక్కల్లో మానవజాతి ఒంటరితనం మొత్తం చెప్పేశాడండీ!"

ఇంకో పేజీ తిప్పారు. "'ఈ పుస్తకంలో ఇరవైమూడో పేజీ తర్వాత లేదు. హీరో బతికాడో లేదో దయచేసి చెప్పండి.' ఎంత సాహసం! నవల లోపల ఇంకో నవల, అదీ అసంపూర్ణం!"

"ఈ కుడి పక్క అంతా ఖాళీగా ఉందేమిటి?" అన్నాడు కళ్ళజోడు లేనాయన. ఆయనకి అదొక్కటే స్పష్టంగా కనిపించింది.

"అదేనండీ అసలు శిల్పం! యువత అరుస్తూ ఉంటుంది, లోకం పలకదు. ఆ మౌనం చూడండి. నాలుగేళ్ళ మౌనం! ఇలాంటి ఖాళీ రాయాలంటే ఎంత సాధన ఉండాలి!"

డైరెక్టరుగారు కళ్ళు తుడుచుకున్నారు. ఆ ఖాళీ మొత్తం తన సొంత కృషి అని ఆ నిగర్వికి తట్టనేలేదు. ఒక్క పేజీలో మాత్రం, చిరిగిన పుస్తకం ఫిర్యాదుకి ఎదురుగా, కుడి పక్క 'చూశాను' అని రాసి పొట్టి సంతకం ఉంది. విమర్శకుడుగారు దానిమీద చాలాసేపు ఆగిపోయారు.

"మొత్తం నవలలో ఒక్కసారి వస్తుందీ పాత్ర. చూస్తుంది, ఏమీ చేయదు, వెళ్ళిపోతుంది. దేవుడికి ప్రతీక."

"ఈ చేతిరాత ఎక్కడో చూసినట్టుందే," అన్నారు డైరెక్టరుగారు. తన రాతే ఆయనకి చూసినట్టుంది.

నూట నలభై ఒకటో నవల ఏకగ్రీవంగా గెలిచింది. కర్త పేరు లేదు కనుక 'అజ్ఞాత యువ రచయిత' అని పేపరుకిచ్చారు.

సభ ఆ గదిలోనే పెట్టారు. ఆ పొద్దున్నే మొదటి వాన మొదలైంది. మంత్రిగారు గడపలో అడుగుపెట్టేసరికి శ్లాబు నుంచి బక్కెట్లోకి టప్పుటప్పుమని పడుతోంది. డైరెక్టరుగారి మొహం పాలిపోయింది. మంత్రిగారి మొహం వెలిగిపోయింది.

"ఓహో! సెట్టింగు కూడా వేయించారా! నవల్లో బక్కెట్టు ఇదేనా?"

డైరెక్టరుగారు ఒక్క క్షణం కూడా తడుముకోలేదు. "ఇదే సార్. ఒరిజినల్."

మంత్రిగారు బక్కెట్టు పక్కన ఫోటో దిగారు. బక్కెట్టు బాగా పడింది.

ఆయన మాట్లాడటం పూర్తయ్యేదాకా ఆగి మా పిల్ల లేచి నిలబడింది.

"సార్, అది నవల కాదు. మా ఫిర్యాదులు. మేమే రాశాం, తొమ్మిదిమందిమీ. శ్లాబు బాగుచేయకపోతే మా గదికి తాళం వేస్తారు. మాకు అవార్డు వద్దు సార్, శ్లాబు వేయించండి."

చుక్క పడ్డ చప్పుడు వినిపించింది. తర్వాత మంత్రిగారు చెమర్చిన కళ్ళతో మైకు అందుకున్నారు.

"విన్నారా? ఈ పాప నవలని తనే రాసినట్టు, ఆ బాధ తనదే అయినట్టు మాట్లాడుతోంది! మంచి సాహిత్యం పాఠకుణ్ణి ఇలా పట్టేస్తుంది. ఇదమ్మా యువత!"

చప్పట్లు మోగిపోయాయి. మా పిల్ల ఇంకా నిలబడే ఉంది. లేచి వెళ్ళి దాన్ని పక్కన కూర్చోబెట్టుకున్నాను. లేచి అరవాల్సింది. అరవలేదు. నా ఉద్యోగం నాకు గుర్తొచ్చింది.

వారంలో ఉత్తర్వులొచ్చాయి. ఆ గది నవలకి కథాస్థలం కనుక శ్లాబుని ఎవరూ ముట్టుకోరాదు, ఒక్క పగులు కూడా పూడ్చరాదు. కారే గది ప్రమాదకరం కనుక లోపలికెవరూ వెళ్ళరాదు. చూడదలచినవారు కటకటాల బయటనుంచి చూడవచ్చు. తాళం ఇంజనీరే వేశాడు, రిబ్బను కట్టి మరీ. రిజిస్టరు అద్దాల పెట్టెలోకి వెళ్ళింది. దాని అచ్చు ప్రతులు అన్ని లైబ్రరీలకీ వెళ్ళాయి, కుడి పక్క ఖాళీతో సహా. రిజిస్టరన్నది లేకుండా పోయేసరికి ఫిర్యాదులు సున్నా అయ్యాయి. ఉత్తమ నిర్వహణకి డైరెక్టరుగారికి ప్రశంసాపత్రమొచ్చింది. దానికి ఫ్రేము కట్టింది నేనే.

శనివారాలు పిల్లలు నా బల్ల దగ్గరికే వస్తున్నారు. తొమ్మిదిమంది ఆరుగురయ్యారు. ఆరుగురు నలుగురయ్యారు. ఒకరోజు మా పిల్ల నా చుట్టూ చూసి అడిగింది.

"మావయ్యా, తెల్లకాగితాలేమైనా మిగిలాయా?"

మిగిలినవన్నీ చేర్చి కుట్టాను. ఈసారి ఎర్ర గుడ్డ వేయలేదు. గోధుమరంగు అట్ట వేసి, 'ఫిర్యాదుల రిజిస్టరు, ఇది నవల కాదు' అని పైన పెద్దక్షరాలతో రాశాను. నా బతుక్కి అదే విప్లవం.

అది స్కేలు పెట్టి మధ్యలో గీత గీసింది. ఎడం పక్క గుండ్రటి అక్షరాలతో రాసింది: 'వాన పడుతోంది. శ్లాబు కారుతోంది. బక్కెట్టు నిండింది. మాకు చదువుకోవడానికి గది లేదు. దయచేసి బాగుచేయించండి.' తనే పట్టుకెళ్ళి డైరెక్టరుగారి బల్ల మీద పెట్టొచ్చింది.

రెండు రోజుల్లో తిరిగొచ్చింది. నమ్మండి, రెండే రోజుల్లో! 'తీసుకున్న చర్య' గడి నిండా పచ్చసిరాతో రాసి ఉంది. పిల్ల, నేను, మిగిలిన ముగ్గురూ తలలు దగ్గర పెట్టి చదివాం.

'రెండో భాగం పరిశీలించడమైనది. మళ్ళీ అదే వాన, అదే బక్కెట్టు. కొత్తదనం లేదు. మొదటి భాగంలోని పస ఇందులో కొరవడింది. ఎంపిక చేయలేము.'

కింద పొట్టి సంతకం. తేదీ కూడా వేశారు.