లింబయ్య ఇల్లు మారిన శుక్రవారం

ఆ శుక్రవారం ఉదయం లింబయ్య వేసుకున్న పథకం చాలా చిన్నది. ఏడున్నరకల్లా సామాను బండికెత్తించి బోధన్ నుంచి బయలుదేరాలి. భార్య భాగ్యలక్ష్మిని పది గంటలకు నిజామాబాద్ ఆస్పత్రిలో డయాలసిస్‌కు దింపాలి. ఆమె మంచం మీద ఉండే నాలుగు గంటల్లో కొత్త ఇంట్లో సామాను సర్దాలి. శనివారం పొద్దున్నే ఒక్కడే బోధన్ తిరిగొచ్చి, ఏమీ ఎరగనివాడిలా పాత ఇంట్లో కూర్చోవాలి.

ఆ చివరి పని బ్యాంకు కోసం. పాత ఇంటి మీద ఇంకా ఆరు లక్షల అప్పుంది. ఆ ఇల్లు అమ్మి, అప్పును నిజామాబాద్‌లో బాపురావు అనే ఇంటాయన దగ్గర కొనబోయే రెండు గదుల ఇంటి మీదికి మార్పించుకోవాలని అతను ఏడాదిగా తిరుగుతున్నాడు. వారానికి మూడుసార్లు బస్సులో వచ్చిపోవడం భాగ్యలక్ష్మి వల్ల కావడం లేదు. తిరుగు బస్సులో ఆమె కిటికీ కమ్మీకి నుదురు ఆనించి పడుకునేది. ఊరొచ్చిందని లేపితే ఏ ఊరని అడిగేది. కొత్త ఇంటి నుంచి ఆస్పత్రి ఎనిమిది నిమిషాల నడక.

కానీ బ్యాంకుల్లో లింబయ్య పేరు మంచిది కాదు. చక్కెర ఫ్యాక్టరీలో చెరకు బండ్ల తూకం రాసే ఉద్యోగం పోయిన రోజుల్లో పద్నాలుగు వాయిదాలు కట్టలేకపోయాడు. తర్వాత నిజామాబాద్ పసుపు మార్కెట్‌లో మల్లికార్జున్ సేఠ్ కమిషన్ దుకాణంలో గుమాస్తాగా చేరి ఒక్కటీ తప్పకుండా కట్టాడు. అయినా అతని క్రెడిట్ స్కోరుకు ఆ పద్నాలుగే గుర్తున్నాయి. నాలుగు బ్యాంకులు కాగితాలు చూడకుండానే పంపేశాయి. చివరికి అప్పిచ్చిన బ్యాంకులోనే దీక్షిత అనే కొత్త అధికారిణి ఫైలంతా చదివి, తన పూచీ మీద పైవాళ్లకు రాసి మంజూరు తెచ్చింది. ఇక ఒక్కటే మిగిలింది. శనివారం వెరిఫికేషన్ మనిషి వచ్చి, లింబయ్య బోధన్ చిరునామాలోనే ఉంటున్నాడని రాసుకుపోవాలి.

కొనుగోలు పూర్తి కాకముందే వచ్చి ఉండటానికి బాపురావు ఒప్పుకున్నాడు, సామాను బండి మాత్రం శుక్రవారమే దొరికింది. అందుకని లింబయ్య పాత ఇంట్లో ఒక మంచం, ఒక స్టవ్వు, రెండు గిన్నెలు, కొక్కేనికి ఒక చొక్కా వదిలాడు. చూసినవాడికి కాపురంలా కనబడాలి. పక్కింటి హన్మవ్వకు తాళంచెవి ఇచ్చి, ఎవరడిగినా ఇల్లు మారినట్టు మాత్రం చెప్పొద్దని మూడుసార్లు చెప్పాడు. ఆమె మూడుసార్లూ తలూపింది.

హన్మవ్వకు లింబయ్య దంపతులతో ఇరవై ఏళ్ల సోపతి. బండి మలుపు తిరగగానే ఆమెకు ఏడుపు ఆగలేదు. మధ్యాహ్నమైనా అది తగ్గక, ఊరికే కూర్చోలేక ఆ ఇల్లు కడగడం మొదలుపెట్టింది. మంచం అడ్డం వస్తోందని బయటికి తెచ్చి గోడకు నిలబెట్టింది. చొక్కా తడుస్తుందని తీసి మడిచి దాచింది. సరిగ్గా ఆ సమయానికి వెరిఫికేషన్ మనిషి అఖిలేష్ మోటారు సైకిలు దిగాడు. అదే గల్లీలో మరో ఇల్లు చూసే పనుండి, దీన్ని కూడా ఒకరోజు ముందే ముగిద్దామనుకున్నాడు. కడిగిన ఇల్లు, నిలబెట్టిన మంచం, గడపలో ఏడుస్తున్న ముసలామె కనిపించేసరికి హెల్మెట్ తీసి చేత పట్టుకున్నాడు. లింబయ్య ఉన్నాడా అని మెల్లగా అడిగాడు.

"పోయిండు కొడుకా," అంది హన్మవ్వ. "పొద్దుగాల్నే పోయిండు."

"ఆయన భార్య?"

"ఆమెను గూడ గదే బండ్ల దవాఖానకు తీస్కపోయిండ్రు. ఆమె పానం సుత మంచిగ లేదు."

ఇంతకంటే చెబితే ఇల్లు మారిన మాట బయటపడుతుందని ఆమె కొంగు నోటికడ్డం పెట్టుకుంది. అఖిలేష్ ఫోన్ తీశాడు. అందులో ఐదు గడులున్నాయి: ఉన్నారు, లేరు, తాళం, నిరాకరించారు, మరణించారు. ఐదోదాని మీద నొక్కాడు. ఇద్దరినీ ఒకే బండిలో ఆస్పత్రికి తీసుకెళ్లారని రాసి, మంచం ఫోటో తీసి జత చేశాడు. వెళుతూ హన్మవ్వకు నమస్కారం పెట్టాడు. బ్యాంకువాళ్లలో కూడా మంచివాళ్లున్నారని ఆమె అనుకుంది.

కబురు ఐదు నిమిషాల్లో దీక్షిత కంప్యూటర్‌కు చేరింది. ఆ అమ్మాయి నిజంగానే బాధపడింది. లింబయ్యకు ఫోన్ చేస్తే స్విచాఫ్ అని వచ్చింది. అది చార్జింగ్ అయిపోయి పరుపుల మూటలో ఉంది. ఉద్యోగం చేసేచోట చెప్పడం ధర్మమని దుకాణానికి ఫోన్ చేసింది. మల్లికార్జున్ సేఠ్ పసుపు వేలం ఆపించి, అందరినీ రెండు నిమిషాలు నిలబెట్టాడు. లింబయ్య తీసుకున్న మూడువేల అడ్వాన్సు కొట్టేయించాడు. ఇద్దరు హమాలీలను పూలదండ కొనుక్కుని ఆస్పత్రికి పొమ్మన్నాడు. తర్వాత, అది కూడా తన బాధ్యతేననుకుని, భాగ్యలక్ష్మికి ఫోన్ చేసి ఓదార్చాడు.

రెండు గంటలకు భార్యను తీసుకెళ్లడానికి వచ్చిన లింబయ్యకు వరండాలో ఆ హమాలీలు ఎదురయ్యారు. వాళ్లు బిగుసుకుపోయి చూస్తున్నారు. అంత పెద్ద దండ ఎవరికని అతను అడిగాడు.

పెద్దవాడు దండ ముందుకు చాచి, "నీకే అన్నా," అన్నాడు.

విషయం మొత్తం విన్నాక లింబయ్య నవ్వాడు. నవ్వు సగంలో ఉండగా భాగ్యలక్ష్మికి కూడా ఫోన్ పోయిందని చిన్నవాడు చెప్పాడు. లింబయ్య లోపలికి పరుగెత్తాడు.

ఆమె మంచం మీద కూర్చుని ఉంది. సూదులు అప్పుడే తీశారు. చేతికి కట్టిన దూది మీద రెండో చేయి గట్టిగా నొక్కి పట్టుకుంది. అతన్ని చూసి లేవలేదు, ఏడవలేదు. చాలాసేపు అతని కాళ్ల వైపు చూసింది.

"లేస్తనంటె సిస్టరమ్మ లేవనియ్యలే," అంది. "సూదులున్నయ్, ఇంకో గంట పడ్తదన్నది. గా గంట గిట్లనే పండుకున్న."

సేఠ్ వేలం ఎలా ఆపించాడో, దండ ఎంత పెద్దదో చెప్పి ఆమెను నవ్వించబోయాడు. ఆమె వినిపించుకోలేదు.

"నేను ముందుగాల పోత గదా అని ఇన్నొద్దులు నీకు అన్నం వండుడు నేర్పిన," అంది. "నువ్వు పోతె ఎట్లనో నాకెవ్వలు నేర్పియ్యలే."

లింబయ్య ఆమె పక్కన కూర్చుని, దూది మీద తన వేలు కూడా పెట్టి నొక్కాడు.

సోమవారం బ్యాంకుకు వెళితే దీక్షిత లేచి నిలబడి క్షమాపణ అడిగింది. ఆమెకు అతను కనబడుతున్నాడు కానీ కంప్యూటర్‌కు కనబడటం లేదు. గెజిటెడ్ అధికారి సంతకం, ఇద్దరు సాక్షులు, ఆ రోజు పేపరు పట్టుకున్న ఫోటో కావాలన్నారు. సేఠ్ సాక్షి సంతకం పెట్టి, అడ్వాన్సు మూడువేలూ మళ్లీ పుస్తకంలోకి ఎక్కించాడు. ఆ శుక్రవారం గడిచిన పదకొండు రోజులకు, ఈ నెల పదహారో తేదీ నుంచి మీరు జీవించి ఉన్నట్టు నమోదు చేశామని ఉత్తరం వచ్చింది. అంతకుముందు పదకొండు రోజులు తన పక్కన ఎవరు పడుకున్నారో బ్యాంకును అడగమంది భాగ్యలక్ష్మి. శుక్రవారం తర్వాత ఆమె నవ్వడం అదే మొదలు.

అయితే ఆ పదకొండు రోజులూ చనిపోయినవాడి ఖాతా కాబట్టి అందులోంచి పైసా కదలలేదు. పదో తేదీ వాయిదా తప్పింది. స్కోరు మరో నలభై పడిపోయింది. మంజూరు రద్దయింది. ఆరు నెలలు ఆగి మళ్లీ అర్జీ పెడదామని, ఈసారి ముంబైలోని హెడ్డాఫీసు దాకా తనే రాస్తానని దీక్షిత చెప్పింది. లింబయ్య అలవాటుగా తలూపబోయాడు. భాగ్యలక్ష్మి అతని మోచేయి పట్టుకుని ఆపింది.

"పన్నెండేండ్ల అప్పు మేడం," అంది. "గంత దూరం నేను రాను. ఈయనొక్కడే కట్టుకుంట కూసోవాలె. మాకు కిరాయిల్లు సాలు."

ఏడాదిగా ఆమె మనసులో ఉన్న మాట అదేనని లింబయ్యకు అప్పుడు తెలిసింది. ఇల్లు తనకోసమే కదా అని అతను తిరుగుతున్నాడు, అతనికోసమే కదా అని ఆమె ఊరుకుంది.

బోధన్ ఇల్లు అమ్మిన డబ్బుతో అప్పు తీర్చేశారు. బాపురావు వారం రోజులు సణిగి, అవే రెండు గదులను నెలకు నాలుగువేలకు అద్దెకిచ్చాడు. భాగ్యలక్ష్మి పద్నాలుగు నెలలు అక్కడి నుంచి ఆస్పత్రికి నడిచి వెళ్లింది. ఎనిమిది నిమిషాల నడక మొదట పది అయింది, ఆ తర్వాత ఇరవై. దారిలో ఒక మెడికల్ షాపు మెట్టు, ఒక టైలరు వేసే కుర్చీ ఆమెవి అయిపోయాయి. ఆపైన బతికిన చివరి రెండు నెలలు నడవలేకపోయింది. లింబయ్య ఆమెను ఆటోలో తీసుకెళ్లేవాడు.

అంత దగ్గరికి ముప్పై రూపాయలేమిటని అతను ఒక్కసారి కూడా బేరమాడలేదు.